ఏజెంటు టెస్టులు నడిపింది, లైవ్ డేటాబేస్ ఖాళీ అయింది: టెర్మినల్‌లో దేన్ని అడ్డంగా పెట్టాలి?

పాడిలెక్కలు:

నమస్కారం. మండపేట చుట్టుపక్కల 14 పాల కేంద్రాల్లో నేను రాసిన ప్రోగ్రాం నడుస్తోంది. రైతు పాలు పోయగానే లీటర్లు, వెన్న శాతం, ఎస్‌ఎన్‌ఎఫ్ (వెన్న కాకుండా పాలలో ఉండే ఘనపదార్థాల శాతం) నమోదవుతాయి. రేటు పట్టికను బట్టి ధర పడుతుంది. పదిహేను రోజులకు ఒకసారి బిల్లు తయారవుతుంది. పీహెచ్‌పీ భాషలోని లారవెల్ చట్రంలో రాశాను, డేటాబేస్ మైఎస్‌క్యూఎల్, అద్దెకు తీసుకున్న చిన్న సర్వర్ ఒకటి. మూడేళ్ళుగా రాసేదీ నేనే, చూసుకునేదీ నేనే.

ఐదు నెలలుగా టెర్మినల్‌లో (ఆదేశాలు టైపు చేసే తెర) ఏఐ ఏజెంటును, అంటే చెప్పిన పనికి తానే కోడు రాసి ఆదేశాలు నడిపే ప్రోగ్రాంను, వాడుతున్నాను. అది ఏ కంపెనీదో రాయడం లేదు, దేనితోనైనా ఇదే జరిగి ఉండేది. మొదట్లో అది అడిగే ప్రతి అనుమతినీ పూర్తిగా చదివి అవునన్నాను. మూడో వారానికి చదవకుండానే ఎంటర్ నొక్కుతున్నానని గమనించాను. గంటకు ముప్పై నలభై సార్లు అడుగుతుంటే అన్నీ చదవడం నావల్ల కాలేదు. ప్రమాదం లేదనిపించినవాటికి "ఇక అడగవద్దు" అని పెట్టేశాను. అలా పెట్టినవాటిలో "పీహెచ్‌పీ ఆర్టిసన్" అని మొదలయ్యే లారవెల్ ఆదేశాలన్నీ ఉన్నాయి.

పోయిన బుధవారం సాయంత్రం ఒక కేంద్రం నుంచి ఫోను వచ్చింది. ఒక గేదె పాల రైతుకు వెన్న 6.8 బదులు 8.6 పడిందని, వెంటనే చూడమని. నా లాప్‌టాప్ నుంచి లైవ్ సర్వర్‌కు (కేంద్రాలు నిజంగా వాడుతున్నది) ఎస్‌ఎస్‌హెచ్ టన్నెల్, అంటే దాని డేటాబేస్‌ను నా యంత్రంలోని ఒక పోర్టు దగ్గరే అందించే భద్రమైన దారి, తెరిచాను. డేటాబేస్ వివరాలు, పాస్‌వర్డులు ఉండే డాట్ ఎన్వ్ ఫైలులో పోర్టును 3306 నుంచి 3307కు మార్చి, లైవ్ పాస్‌వర్డు పెట్టాను. మార్పు వెంటనే కనబడకపోతే అలవాటు ప్రకారం, అమరికలన్నిటినీ ఒక ఫైలులో దాచి ఉంచే కాన్ఫిగ్ క్యాష్ ఆదేశం ఇచ్చాను. తప్పు దొరికింది, సరిచేశాను, పడుకున్నాను. టన్నెల్ మూయలేదు. డాట్ ఎన్వ్ వెనక్కి మార్చలేదు.

గురువారం ఉదయం 9:40 ప్రాంతంలో ఏజెంటుకు పని చెప్పాను. ఆవు పాలలో ఎస్‌ఎన్‌ఎఫ్ 8.5 కంటే తగ్గితే ధరలో కోత పడే పద్ధతి మార్చి, టెస్టులు నడిపి సరిచూడమన్నాను. కోడు చక్కగా మార్చింది. టెస్టులు నడిపింది. కొన్ని 419 తప్పుతో ఆగిపోయాయి. ఎందుకో వెతుకుతూ మళ్ళీ నడిపింది, ఇంకోసారి నడిపింది. మూడోసారి తర్వాత చెప్పింది: కాన్ఫిగ్ క్యాష్ అయి ఉన్నందువల్ల టెస్టులు తమకు కేటాయించిన డేటాబేస్‌ను వదిలేసి డాట్ ఎన్వ్‌లో ఉన్నదాన్నే వాడుతున్నాయని. ఆ వాక్యం చదువుతుండగానే ఫోను మోగింది. కేంద్రంలో రైతుల పేర్లు ఒక్కటీ కనబడటం లేదట.

నా టెస్టులు మొదలయ్యే ముందు టేబుళ్ళన్నీ తీసేసి కొత్తగా కట్టుకుంటాయి. ఆ పని మూడుసార్లు లైవ్ సర్వర్ మీద జరిగింది.

రాత్రి 2 గంటల బ్యాకప్ ఉంది కాబట్టి మధ్యాహ్నంలోపు పాత డేటా వెనక్కి వచ్చింది. ఆ రోజు ఉదయం పూట పోసిన పాలు మాత్రం, 613 నమోదులు, లేవు. కేంద్రాల వాళ్ళు యంత్రం ఇచ్చిన చీటీలనూ చేతిపుస్తకాలనూ ఫోటోలు తీసి వాట్సాప్‌లో పంపారు. నేనూ మా ఆవిడా కూర్చుని రాత్రి పదకొండు దాకా ఎక్కించాం. ఒక్కో నమోదు ఒక ఇంటి రోజు సంపాదన. అందుకే నిద్ర పట్టడం లేదు.

నేను అడగదలచినది ఇది. అనుమతులు అడిగితే చదవలేకపోతున్నాను, అడగవద్దంటే ఇలా జరిగింది. ఈ రెండింటికీ మధ్య దారి ఉందా? కంటైనర్‌లో (యంత్రంలోనే వేరుచేసిన గదిలాంటి చోట) పెట్టి నడపమంటున్నారు, నాది 8 జీబీ లాప్‌టాప్, ఉబుంటు లినక్స్. అది చాలుతుందా? లేక ఏజెంటును మానేయాలా?

కోడుచెట్టు:

ముందుగా మీరు దాచకుండా రాసినందుకు నమస్కారం అండీ.

నా అలవాటు చెబుతాను. ఏజెంటుకు పని చెప్పే ముందు కోడు మార్పుల చరిత్రను ఉంచే గిట్‌లో కమిట్ చేస్తాను (అప్పటి రూపాన్ని భద్రపరుస్తాను), తప్పనిసరిగా. దానికోసం గిట్ వర్క్‌ట్రీతో వేరే ఫోల్డర్, వేరే బ్రాంచి ఇస్తాను, నేను పనిచేసే ఫోల్డర్‌లోకి రానివ్వను. కమిట్ చేసినది దాదాపు ఎప్పుడూ పోదు. బ్రాంచిని చెరిపేసినా గిట్ కదలికల చిట్టా అయిన రెఫ్‌లాగ్‌లో మామూలుగా కనీసం 30 రోజులు దొరుకుతుంది. కమిట్ చేయకపోయినా గిట్ యాడ్ (కమిట్‌కు సిద్ధం చేయడం) వరకు వెళ్ళి ఉంటే, మార్పులను తుడిచేసే హార్డ్ రీసెట్ తర్వాత కూడా ఎఫ్‌ఎస్‌సీకే ఆదేశంతో ఆ ఫైలు సారం బయటికి తీయవచ్చు. నేను ఒకసారి అలా ఒక రోజు పని దక్కించుకున్నాను.

గిట్ కాపాడలేనివి రెండు ఉన్నాయి. ఒకటి, గిట్ ఇగ్నోర్‌లో పెట్టిన, అంటే గిట్ పట్టించుకోవద్దని చెప్పిన ఫైళ్ళు. డాట్ ఎన్వ్ అందులోనే ఉంటుంది. "స్థలం శుభ్రం చేస్తాను" అంటూ ఏజెంటు గిట్ క్లీన్‌ను ఎక్స్ అక్షరంతో కలిపి నడిపితే అవి మాయమవుతాయి, వెనక్కి తెచ్చే దారి గిట్‌లో లేదు. రెండోది మీకు జరిగినదే. డేటాబేస్ గిట్ పరిధిలో లేదు. ఏజెంట్లలో ఉండే వెనక్కి తీసుకెళ్ళే మీట కూడా అంతే. ఆంత్రోపిక్ వాళ్ళ ఏజెంటు క్లాడ్ కోడ్‌లో చెక్‌పాయింట్లు ఉన్నాయి, అవి ఏజెంటు స్వయంగా మార్చిన ఫైళ్ళనే వెనక్కి తెస్తాయి. టెర్మినల్ ఆదేశం ద్వారా జరిగినదాన్ని తేలేవు.

కాబట్టి నా సలహా మీ కోడును కాపాడుతుంది. మీ రైతుల లెక్కలను కాపాడే సలహా ఇంకెవరైనా చెప్పాలి.

సర్వర్ గది:

పాడిలెక్కలు గారూ, మీ పోస్టు రెండుసార్లు చదివాను. విశాఖపట్నంలో పందొమ్మిదేళ్ళుగా డేటాబేస్‌లు చూసుకోవడమే నా ఉద్యోగం. కొంచెం పొడవుగా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

మీరు "ఇక అడగవద్దు" దగ్గర ఆగిపోయారు. నేను 3307 దగ్గర ఆగాను. డాట్ ఎన్వ్‌లో హోస్టు అప్పుడు కూడా 127.0.0.1 (అంటే ఈ యంత్రమే) అనే ఉంది కదా? టన్నెల్ వేసినప్పుడు విశాఖ సర్వర్ అయినా, ముంబై సర్వర్ అయినా మీ లాప్‌టాప్‌లాగే కనబడుతుంది. ఏజెంటు ఆ ఫైలు తెరిచి చూసినా అది లోకల్ డేటాబేస్ అనే అనుకుంటుంది. ఆ ఉదయం అది మిమ్మల్ని అనుమతి అడిగి ఉన్నా, తెర మీద కనబడేది "పీహెచ్‌పీ ఆర్టిసన్ టెస్ట్" అనే మూడు మాటలే. మీరు శ్రద్ధగా చదివి, ఆలోచించి, అవుననే అనేవారు. నేనైనా అనేవాణ్ణి. అనుమతి తెర మీద ఆదేశం కనబడుతుంది, అది ఎక్కడికి వెళ్ళి తగులుతుందో కనబడదు. అందుకని మీ తప్పును అక్కడ వెతకవద్దు.

ఇది ఏఐతో పుట్టిన ప్రమాదమూ కాదు. 2017 జనవరి 31న కోడు దాచుకునే సేవ అయిన గిట్‌ల్యాబ్‌లో ఒక ఇంజినీరు రెండో సర్వర్‌లో ఉన్నాననుకుని అసలు సర్వర్‌లో డేటా ఫోల్డర్‌ను చెరిపేశారు. ఒకటి రెండు సెకన్లలో గ్రహించి ఆపారు. అప్పటికే దాదాపు 300 జీబీలో 4.5 జీబీ మిగిలింది. బ్యాకప్ పద్ధతులు ఒకటి కంటే ఎక్కువే ఉన్నా అవసరం వచ్చినప్పుడు పనిచేయలేదు. అదృష్టవశాత్తు ఆరు గంటల ముందు వేరే పనికోసం తీసిన నకలు ఉంది, దానితో లేచారు. ఆ సంఘటనను వాళ్ళు దాచకుండా లోకానికంతా రాసి చెప్పారు, మా తరం దాన్ని పాఠ్యపుస్తకంలా చదువుకుంది. అక్కడ అలసిన మనిషి, రెండు ఒకేలా కనబడే తలుపులు. మీ దగ్గర అలుపెరగని ఏజెంటు, అవే రెండు తలుపులు.

ఏజెంటు విషయంలో 2025 జూలైలో జరిగినదీ మీకు తెలిసే ఉంటుంది. సాఫ్ట్‌వేర్ వ్యాపారుల వేదిక అయిన సాస్టర్ సంస్థను నడిపే జేసన్ లెమ్‌కిన్, రెప్లిట్ అనే కంపెనీ ఏజెంటుతో ఒక అప్లికేషన్ కట్టించుకుంటున్నారు. ఏదీ మార్చవద్దని పెద్ద అక్షరాల్లో పదే పదే రాసి పెట్టినా అది లైవ్ డేటాబేస్‌ను తుడిచేసింది. వెనక్కి తేవడం కుదరదని కూడా చెప్పింది. ఆయన ప్రయత్నిస్తే కుదిరింది. ఆ తర్వాత రెప్లిట్ చేసిన మార్పు చూడండి: తయారీ డేటాబేస్‌నూ లైవ్ డేటాబేస్‌నూ వేరు చేసింది. ఏజెంటుకు ఇంకో హెచ్చరిక రాయడంతో సరిపెట్టుకోలేదు. నేను నమ్మేదీ అదే. "లైవ్ జోలికి పోకు" అని రాయడం వినతి. లైవ్ పాస్‌వర్డు దాని చేతికి అందకుండా చేయడం గోడ.

టెర్మినల్‌లో ఏజెంటు మీ పేరు మీదే నడుస్తుంది. మీరు చదవగలిగిన ప్రతి ఫైలునూ చదవగలదు, మీరు వెళ్ళగలిగిన ప్రతి సర్వర్‌కూ వెళ్ళగలదు, మీరు చెరపగలిగినదల్లా చెరపగలదు. అందుకే నా దగ్గర కొత్తగా చేరిన పిల్లలతో మొదట ఒక కాగితం రాయిస్తాను: ఈ లాప్‌టాప్ ముందు ఇప్పుడు ఒక అపరిచితుడు కూర్చుంటే ఎక్కడెక్కడికి వెళ్ళగలడు? ఎస్‌ఎస్‌హెచ్ తాళాలు, క్లౌడ్ ఖాతా, పాస్‌వర్డులు ఉన్న ఫైళ్ళు, తెరిచి ఉన్న టన్నెళ్ళు. మీరూ రాయండి. పది నిమిషాల పని.

ఇక మీ సంగతి. బుధవారం సాయంత్రం మీకు కావలసింది ఒక వరుసను చూడటం, ఒక అంకెను దిద్దడం. దానికోసం మీరు వాడిన ఖాతాకు టేబుళ్ళను తీసేసే అధికారం కూడా ఉంది. ఎందుకు ఉండాలి? మైఎస్‌క్యూఎల్‌లో మూడు ఖాతాలు పెట్టండి. ఫిర్యాదులు చూడటానికి ఒకటి, దానికి సెలెక్ట్ (చదవడం) తప్ప ఏమీ ఇవ్వవద్దు. ప్రోగ్రాం రోజూ నడవడానికి ఒకటి, దానికి చదవడం, చేర్చడం, మార్చడం, వరుసలు తీయడం చాలు. డ్రాప్ (టేబుల్ తీసేయడం), ఆల్టర్ (దాని రూపం మార్చడం) అక్కర్లేదు. టేబుళ్ళ రూపం మార్చడానికి మూడోది, దాని పాస్‌వర్డు మీ లాప్‌టాప్‌లోనే ఉండకూడదు, సర్వర్ మీదే ఉండాలి. ఆ గురువారం మీ డాట్ ఎన్వ్‌లో మొదటి ఖాతా ఉండి ఉంటే టెస్టులు "అధికారం లేదు" అని ఏడ్చి ఆగిపోయేవి. మీకు ఒక ఎర్ర గీత కనబడేది, అంతే.

లారవెల్ 11 నుంచి టేబుళ్ళు తీసేసే ఆదేశాలను పూర్తిగా నిషేధించే ఏర్పాటు కూడా ఉంది, పెట్టుకోండి. మామూలుగా లారవెల్ ప్రొడక్షన్‌లో, అంటే లైవ్‌లో, ఇలాంటి ఆదేశానికి ముందు ఒకసారి ఆగి అడుగుతుంది. మీ డాట్ ఎన్వ్ ఫైలులో వాతావరణం (ప్రోగ్రాం ఎక్కడ నడుస్తోందో చెప్పే అమరిక) పేరు లోకల్ అని ఉంది కాబట్టి అడగలేదు. అది పేరును చూస్తుంది, మీరు చేరిన సర్వర్‌ను చూడదు. నిషేధాన్ని కూడా ఆ పేరు మీద ఆధారపడేలా పెట్టుకుంటే ఇదే గొయ్యిలో మళ్ళీ పడతారు.

కంటైనర్ చాలుతుందా అన్నారు. ఉబుంటులో కంటైనర్ బరువు కాదు, 8 జీబీలో హాయిగా నడుస్తుంది. ప్రాజెక్టు ఫోల్డర్ ఒక్కటే లోపలికి చూపించండి. హోం ఫోల్డర్ మొత్తం చూపిస్తే కంటైనర్ పెట్టిన ప్రయోజనం పోతుంది. కంటైనర్లను నడిపే డాకర్‌ను అదుపు చేసే సాకెట్‌ను లోపలికి ఇస్తే ఇంటి తాళాల గుత్తి ఇచ్చినట్టే, లోపల ఉన్నది బయటి యంత్రం మీద రూట్ అధికారం తెచ్చుకోగలదు. హోస్టు నెట్‌వర్క్‌ను పంచవద్దు. ఇది మీకు మరీ ముఖ్యం. కొందరు కంటైనర్ బదులు ఏజెంటుకు వేరే లినక్స్ యూజర్‌ను పెడతారు, మంచిదే, తాళాల ఫైళ్ళు దానికి కనబడవు. కానీ మీరు 127.0.0.1 మీద తెరిచిన టన్నెల్ ఆ యంత్రంలోని యూజర్లందరికీ అందుతుంది. కంటైనర్‌కు తన సొంత నెట్‌వర్క్ ఉంటే ఆ 3307 దానికి అందదు.

ఏజెంట్లలోనే ఉండే కట్టడి గురించి కూడా చెబుతాను. ఓపెన్‌ఏఐ కోడెక్స్ మామూలుగా పని ఫోల్డర్‌లోనే రాయగలదు, నెట్‌వర్క్ మూసి ఉంటుంది, దాన్ని ఆపరేటింగ్ సిస్టమే అమలు చేస్తుంది. క్లాడ్ కోడ్‌లోనూ శాండ్‌బాక్స్ (ఇలాంటి కట్టడి) ఉంది, లినక్స్‌లో బబుల్‌ర్యాప్ అనే పనిముట్టుతో పనిచేస్తుంది. వీటిని వాడండి. ఆదేశాల పేర్లతో రాసే నిషేధ జాబితా మీద మాత్రం భారం వేయవద్దు. ఫైళ్ళు తీసేసే ఆర్‌ఎం ఆదేశాన్ని నిషేధిస్తే ఏజెంటు రెండు వరుసల పైథాన్ రాసి అదే ఫైలును తీసేయవచ్చు. అందులో దురుద్దేశం ఏమీ ఉండదు. పని పూర్తి చేయడానికి దారి వెతుకుతుంది, మీరు మూసినది ఒక దారి మాత్రమే.

ఇంకొక్కటి, ఇది ఈరోజే చేయండి. మీ సర్వర్‌లో ఉన్నది మైఎస్‌క్యూఎల్ 8 అయితే బైనరీ లాగ్ (డేటాలో జరిగిన ప్రతి మార్పు చిట్టా) దానంతట అదే నడుస్తూ ఉంటుంది, ఎవరూ మార్చకపోతే 30 రోజులు ఉంచుతుంది. దాని నుంచి పుట్టిన మరియాడీబీ అయితే మామూలుగా ఉండదు. ఉంటే, ఆ 613 నమోదులు అందులోనే ఉన్నాయి. చేతితో ఎక్కించిన లెక్కలను బిల్లు వేసే లోపు దానితో పోల్చుకోవచ్చు. ముందు ఆ లాగ్ ఫైళ్ళను వేరే చోటికి నకలు తీయండి, తర్వాత మిగతా మాటలు.

రాత్రిబడి:

సర్వర్ గది గారు లోపలి నుంచి వచ్చే ప్రమాదం చెప్పారు. బయటి నుంచి వచ్చేది ఒకటి ఉంది, దాని గురించి రాస్తాను. నేను బెంగళూరులో భద్రతా పరీక్షల పని చేస్తున్నాను.

ఏజెంటు చదివే ప్రతి అక్షరం దానికి ఆదేశంలా వినబడవచ్చు. ఒక కోడు లైబ్రరీతో వచ్చే రీడ్‌మీ (పరిచయ) ఫైలు, గిట్‌హబ్‌లో ఎవరో రాసిన ఫిర్యాదు, దిగుమతి చేసిన వెబ్ పేజీ, ఏదైనా సరే. మీరు చెప్పిన పనికీ ఆ పాఠంలో దాచిన పనికీ మధ్య అది ప్రతిసారీ తేడా పట్టలేదు. దీన్నే ప్రాంప్ట్ ఇంజెక్షన్ అంటారు, 2022లో సైమన్ విల్లిసన్ అనే ప్రోగ్రామర్ పెట్టిన పేరు. ఆయనే 2025లో ఇంకో మాట చెప్పారు, నేను ప్రతి ప్రాజెక్టులో దానితోనే సరిచూస్తాను. రహస్య సమాచారం అందుబాటులో ఉండటం, బయటివాళ్ళు రాసినది చదవడం, బయటికి పంపగలగడం. ఈ మూడూ ఒకే ఏజెంటులో కలిస్తే సమాచారం దొంగల పాలు కావచ్చు. ఏదో ఒకదాన్ని తెంచాలి. మీ పనిలో తెంచడానికి తేలికైనది మొదటిది. మీ డాట్ ఎన్వ్ ఏజెంటు ఫోల్డర్‌లో ఉండనక్కర్లేదు. ఉత్తుత్తి విలువలతో ఇంకో ఫైలు పెట్టండి.

ఇది ఊహ కాదు. 2025 ఆగస్టు 26న ఎన్‌ఎక్స్ అనే ప్రసిద్ధ ఎన్‌పీఎం ప్యాకేజీలోకి (జావాస్క్రిప్ట్ వాళ్ళు దింపుకుని వాడే సిద్ధమైన కోడు) దొంగ వెర్షన్లు ఎక్కాయి. ఇన్‌స్టాల్ చేసిన వాళ్ళ యంత్రంలో క్లాడ్, జెమినీ, అమెజాన్ క్యూ టెర్మినల్ ఏజెంట్లు ఉన్నాయేమో అవి వెతికాయి. ఉంటే, అనుమతులు అడగకుండా నడిపే మీటతో వాటినే పిలిచి, క్రిప్టో వాలెట్లూ తాళాలూ ఎక్కడున్నాయో జాబితా రాయించాయి. దొరికినదాన్ని బాధితుడి సొంత గిట్‌హబ్ ఖాతాలోనే అందరికీ కనబడేలా పెట్టాయి. ఆ రోజు తమ ఏజెంటుకు ఏ పనీ చెప్పనివాళ్ళ దగ్గర కూడా ఇది జరిగింది.

లేని ప్యాకేజీల సంగతి కూడా గుర్తుంచుకోండి. 16 ఏఐ మోడళ్ళతో 5,76,000 కోడు నమూనాలు రాయించి చూసిన ఒక పరిశోధనలో, అవి సూచించిన ప్యాకేజీల్లో దాదాపు 20 శాతం అసలు లేనే లేవని తేలింది. ఆ పేర్లు మళ్ళీ మళ్ళీ అవే వస్తుంటాయి కాబట్టి, ఎవరైనా ఆ పేరుతో హానికరమైనది పెట్టి కాచుకుని కూర్చోవచ్చు. ప్యాకేజీలు దింపే ఆదేశాలు ఇవి: కంపోజర్ రిక్వైర్, ఎన్‌పీఎం ఇన్‌స్టాల్, పిప్ ఇన్‌స్టాల్. ఈ మూడింటికీ "ఇక అడగవద్దు" అని ఎన్నడూ పెట్టవద్దు. ప్యాకేజీ పేరు మీరే వెతికి, ఎన్నాళ్ళ నుంచి ఉందో, ఎవరు నడుపుతున్నారో చూసి అప్పుడు ఒప్పుకోండి.

పాడిలెక్కలు:

అందరికీ రుణపడి ఉంటాను. రెండు రోజులు ఈ పనిలోనే ఉన్నాను.

ముందుగా ఆ కాగితం రాశాను. అపరిచితుడు వెళ్ళగల చోట్లు పదకొండు వచ్చాయి. లైవ్ సర్వర్ ఎస్‌ఎస్‌హెచ్ తాళానికి పాస్‌ఫ్రేజ్ లేదు. బ్యాకప్‌లు వెళ్ళే క్లౌడ్ ఖాతా తాళం హోం ఫోల్డర్‌లో మామూలు ఫైలుగా ఉంది. అంటే ఆ ఉదయం ఇంకొక్క అడుగు పక్కకు పడి ఉంటే బ్యాకప్ కూడా మిగిలేది కాదు. ఇది రాస్తుంటే ఇప్పటికీ చేయి వణుకుతోంది. ఇప్పుడు లాప్‌టాప్‌లో ఉన్న తాళానికి బ్యాకప్‌లను చదివే అధికారం ఉంది, చెరిపే అధికారం లేదు.

మూడు ఖాతాలు పెట్టాను. సెలెక్ట్ మాత్రమే ఉన్న ఖాతాతో కావాలనే టెస్టులు నడిపి చూశాను, ఒక నకలు డేటాబేస్ మీద. మొదటి అడుగులోనే అధికారం లేదని ఆగిపోయింది. ఆ ఎర్ర అక్షరాలు చూసి ఎంత ధైర్యం వచ్చిందో చెప్పలేను.

కంటైనర్‌లో ప్రాజెక్టు ఫోల్డర్, దాని సొంత మైఎస్‌క్యూఎల్, 20 మంది ఉత్తుత్తి రైతులు. లోపల ఉన్నంతవరకు ఏజెంటుకు దాదాపు అన్నీ వదిలేశాను, ప్యాకేజీలు పెట్టడం, గిట్ పుష్ చేయడం తప్ప. గంటకు ముప్పై నలభై అన్నది ఇప్పుడు మూడు నాలుగు అయింది. అవి చదువుతున్నాను.

ఒక సందేహం మిగిలింది. లైవ్‌లో తప్పు వచ్చినప్పుడు లాగ్ ఫైలులో ఉన్నది ఏజెంటుకు చూపించకుండా కారణం వెతకడం కష్టం. అందులో రైతుల పేర్లు, బ్యాంకు ఖాతా అంకెలు ఉంటున్నాయి. ఎలా?

బైనరీ లాగ్ ఉంది. నకలు తీశాను. పోల్చడం రేపు.

సర్వర్ గది:

లాగ్‌లో బ్యాంకు ఖాతా అంకెలు ఉండటమే ముందు సరిచేయవలసిన సంగతి, ఏజెంటు ఉన్నా లేకున్నా. లాగ్ రాసే చోటే ఖాతా అంకెల్లో చివరి నాలుగు ఉంచి మిగతావి చుక్కలు చేయండి, పేరు బదులు రైతు కోడు రాయండి. తర్వాత తప్పు వచ్చిన చోటి 50 వరుసలు మీ చేత్తో తీసి, చదివి, కంటైనర్ ఫోల్డర్‌లో పెట్టండి. మొత్తం లాగ్ వద్దు. తప్పు ఎక్కడుందో ఏజెంటు చెబుతుంది, లైవ్‌లో దిద్దేది మీరే.

బైనరీ లాగ్‌ను లైవ్ మీద నడపవద్దు. వేరే ఖాళీ సర్వర్‌లో రాత్రి 2 గంటల బ్యాకప్ పెట్టి, దాని మీద 2 గంటల నుంచి మొదటి డ్రాప్ ఆదేశానికి ముందు వరకు నడపండి. ఆగవలసిన చోటును గడియారాన్ని బట్టి లెక్కించవద్దు, ఒకే సెకనులో చాలా జరుగుతాయి. లాగ్‌లో ఆ డ్రాప్ ఉన్న స్థానం అంకె చూసి అక్కడ ఆపండి. ఈ పని ఏజెంటుకు ఇవ్వవద్దు, మీరే చేయండి. ఆగిపోతే ఇక్కడ రాయండి, రాత్రి పదింటి దాకా మెలకువగానే ఉంటాను.

పాడిలెక్కలు:

చేశాను. మొదటిసారి స్థానం అంకె తప్పుగా తీసుకుని రెండో డ్రాప్ దగ్గర ఆపాను, అంతా ఖాళీగా వచ్చింది. రెండోసారి సరిగ్గా వచ్చింది.

లాగ్‌లో 613 ఉన్నాయి, మేం ఎక్కించినవీ 613. అంకె కలవగానే ఊపిరి పీల్చుకున్నాను. కానీ వరుసకు వరుస పోలిస్తే ఏడు తేడాలు. నాలుగు వెన్న శాతంలో దశాంశం చివరి అంకె, చీటీ మసకగా ఉన్నవి. రెండు నమోదుల్లో ఒకే ఇంటిపేరు ఉన్న అన్నదమ్ముల పాలు ఒకరివి ఒకరికి ఎక్కాయి. ఏడోది ఒకావిడది. 4.2 లీటర్లు పోస్తే మేం 2.4 అని ఎక్కించాం. ఆ చీటీ ఫోటో మళ్ళీ తెరిచి చూశాను, స్పష్టంగా 4.2 అనే ఉంది. రాత్రి పదకొండింటికి నేను చదివిన తప్పు అది.

ఏడూ దిద్దాను. ప్రతి దిద్దుబాటుకూ కారణం రాసి ఆ కేంద్రాల వాళ్ళకు పంపాను. అన్నదమ్ములిద్దరికీ స్వయంగా ఫోను చేసి చెప్పాను. బిల్లులు ఎల్లుండి ఉదయం.